జపాను బడిలో ఏడో ఎక్కం

గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్న నేను, జపాను ప్రభుత్వం విదేశీ ఉపాధ్యాయులకు ఇచ్చే శిక్షణ ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టినప్పుడు నా వయసు 33. ఆ పథకానికి 35 ఏళ్ళ లోపు వయసు, కనీసం ఐదేళ్ళ బోధనానుభవం ఉండాలి కనుక, ఆలోచిస్తూ కూర్చోవడానికి వ్యవధి లేదు. శిక్షణ ఏడాదిన్నర: మొదటి ఆరు నెలలు జపనీస్ భాష, తక్కిన ఏడాది విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుని పర్యవేక్షణలో బోధన మీద పరిశోధన. ఫీజు లేదు, రానూపోనూ విమాన ఖర్చు వాళ్ళదే, పైగా అప్పట్లో నెలకు 1,43,000 యెన్‌లు.

రాతపరీక్ష, ఢిల్లీలో ఇంటర్వ్యూ నన్ను అంతగా భయపెట్టలేదు. భయపెట్టింది నిరభ్యంతర పత్రమే. ఒక కార్యాలయంలో నా ఫైలు ఒక బల్ల మీదనుంచి పక్క బల్ల మీదికి జరగడానికి ఏడు వారాలు పట్టింది. ఐదోసారి వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తాగారు, “సున్నా కనిపెట్టింది మనవాళ్ళేగా, లెక్కలు నేర్చుకోవడానికి జపాను దాకా ఎందుకమ్మా?” అన్నారు. సంతకం కావలసిన మనిషిని గనుక నవ్వి ఊరుకున్నాను. ఇంట్లో మాత్రం అడ్డు రాలేదు. ఒకటో తరగతి చదువుతున్న మా అబ్బాయిని చూసుకుంటానని అత్తగారే ముందుకు వచ్చి, “వాడి ఎక్కాలు మాత్రం ఫోనులో నువ్వే అప్పజెప్పించుకోవాలమ్మా, నాకు పన్నెండు దాటితే రావు” అని షరతు పెట్టారు.

2016 అక్టోబరులో హిరోషిమా విశ్వవిద్యాలయం ఉన్న సైజోలో దిగాను. ఎర్ర ఇటుక పొగగొట్టాలతో సారా బట్టీలు వరసగా నిలబడిన చిన్న పట్టణం అది. బియ్యం పులియబెట్టి చేసే ‘సాకే’ అనే మద్యానికి పేరుపొందిన చోటు. ఆ నెలలో ఎక్కడ చూసినా ఎర్ర టోపీలు, ఎర్ర చొక్కాలే కనిపించడంతో ఏదో రాజకీయ పార్టీ మహాసభ అనుకున్నాను. తీరా చూస్తే, ‘కార్ప్’ అనే హిరోషిమా బేస్‌బాల్ జట్టు 25 ఏళ్ళ తరువాత లీగ్ గెలిచిందట.

భాష నేర్చుకోవడంలో తెలుగు నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. ‘వతాషి వ గక్కో ని ఇకు’ అంటే ‘నేను బడికి వెళ్తాను’. కర్త ముందు, క్రియ చివర, ‘బడి’కి ‘కి’ అతుక్కున్నట్టే ‘గక్కో’ వెనక ‘ని’. మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగలేక తోటి ఉపాధ్యాయులు కొందరు అవస్థ పడుతుంటే నేను హాయిగా మాట్లాడేదాన్ని. లిపి దగ్గర ఆ గర్వం అణిగిపోయింది. వాళ్ళ రెండో తరగతి పిల్లలు చదివే కంజీ అక్షరాలు నాకు ఏడాది చివరికి కూడా పూర్తిగా పట్టుబడలేదు.

2017 ఏప్రిల్ నుంచి వారానికి రెండు రోజులు బడికి వెళ్ళి పాఠాలు చూసేదాన్ని. ఏవో అధునాతన పరికరాలు చూస్తాననుకుంటే కనబడింది నల్లబల్లే. ప్రాథమిక పాఠశాలలో పీరియడు 45 నిమిషాలు, అందులో చాలాసార్లు ఒకే ఒక్క లెక్క. ఐదో తరగతిలో ట్రెపీజియం వైశాల్యం పాఠం నేను మరచిపోలేను. ఉపాధ్యాయుడు సూత్రం చెప్పలేదు. పిల్లలు ఆలోచిస్తుంటే బల్లల మధ్య తిరుగుతూ, ఎవరి నోటు పుస్తకంలో ఏ పద్ధతి ఉందో గుర్తు పెట్టుకుని, తనకు కావలసిన వరసలో ఒక్కొక్కరినీ పిలిచాడు. ఒకమ్మాయి ఆకారాన్ని రెండు త్రిభుజాలుగా కోసింది. ఒకబ్బాయి అలాంటిదే ఇంకొకటి తలకిందులుగా అతికి సమాంతర చతుర్భుజం చేశాడు. అన్నీ నల్లబల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. గంట కొట్టేదాకా ఒక్క గీత కూడా చెరపలేదు. బల్లను మూడుసార్లు నింపి మూడుసార్లు తుడిస్తే బాగా చెప్పినట్టని పదేళ్ళుగా అనుకుంటున్న నాకు ఆ రోజు కొంచెం సిగ్గేసింది. అలాగని అంతా మెచ్చుకోలేను. సిలబస్ వెంట పరుగెత్తే మన తొమ్మిదో తరగతిలో రోజూ ఇలా చెప్పడం కుదరదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

ఆగస్టు 6 ఉదయం 8:15కు, 1945లో బాంబు పేలిన వేళకు, శాంతి స్మారక ఉద్యానంలో గంట మోగింది. అందరితోపాటు ఒక నిమిషం తలవంచి నిలబడ్డాను. ఆ నిమిషం గురించి ఎక్కువ రాయడం నాకు చేతకాదు.

శరదృతువులో రెండో తరగతి పిల్లలకు ‘కుకు’ మొదలైంది. కుకు అంటే తొమ్మిది తొమ్ముదులు. వాళ్ళ ఎక్కాల పేరే అది. ‘ని నిన్ గ షి’ అంటే రెండు రెళ్ళు నాలుగు. లబ్ధం ఒకే అంకె అయితేనే మధ్యలో ‘గ’ వస్తుంది; పదికి చేరగానే పోయి, ‘ని గో జూ’ అవుతుంది. మన పిల్లల్లాగే ఊగుతూ, రాగం తీస్తూ చెబుతారు. మా అబ్బాయి కూడా అప్పుడే రెండో తరగతిలో ఎక్కాలు నేర్చుకుంటున్నాడు. మనకు రాత్రి ఏడయితే అక్కడ పదిన్నర. నిద్ర కళ్ళతో రోజూ ఫోనులో అప్పజెప్పించుకునేదాన్ని. వాడు ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయేవాడు. విచిత్రమేమంటే జపాను పిల్లలూ ఏడో ఎక్కంలోనే తడబడతారు. నాలుగుకు ‘షి’, ఏడుకు ‘షిచి’, ఎనిమిదికి ‘హచి’, అన్నీ నోట్లో ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ఈ సంగతి చెబితే తరగతి ఉపాధ్యాయురాలికి ముచ్చటేసి, నాకు ఒక పీరియడు ఇచ్చారు. ‘ఏడేళ్ళు నలభై తొమ్మిది’ అని నేనంటే ముప్పైమంది పిల్లలు తిరిగి అన్నారు. ‘ళ్ళ’ వాళ్ళకు పలకలేదు, దాని కోసం పది నిమిషాలు నవ్వారు. పిల్లల ముఖాలు తీయకూడదన్న నియమం వల్ల గొంతులు మాత్రం ఫోనులో ఎక్కించి ఇంటికి పంపాను. మా అబ్బాయి వాళ్ళ ఏడో ఎక్కాన్ని రెండు రోజుల్లో బట్టీపట్టి, తన గొంతు తిరిగి పంపాడు. దాన్ని తరగతిలో వినిపించినప్పుడు ఒక అబ్బాయి, “సెన్సేయి (టీచర్), ఇతను మాకన్నా వేగంగా చెబుతున్నాడు” అని ఫిర్యాదు చేశాడు.

2018 మార్చిలో రెండు విమానాలు మారి శంషాబాదులో దిగాను. మా వాడు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకోకుండా, వేలు చూపించి, “అమ్మా, షిచి హ?” అన్నాడు, అంటే ఏడెనిమిదులు ఎంత అని. నిద్రలేని మత్తులో నలభై ఎనిమిది అన్నాను.