వినపడదని నమ్మించడానికి నేను పడ్డ పాట్లు

సదరం క్యాంపులో, అంటే వికలాంగుల సర్టిఫికెట్ కోసం పరీక్షలు చేసే చోట, జరిగింది తల్చుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఆ మంట చల్లారకముందే రాస్తే, చెవి సమస్యతో తిరిగేవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

మాది చీమకుర్తి దగ్గర ఊరు. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో కటింగ్ మిషన్ మీద, ఆనక పాలిషింగ్‌లో చేశా. బ్లేడు రాయిలోకి దిగేటప్పుడు పక్కనోడు గొంతు చించుకున్నా పెదాలు కదలడమే కనపడుద్ది. తనిఖీకి ఎవరన్నా వస్తున్నారంటే ఆరోజుకి మోత పడకుండా చెవులు మూసే మఫ్‌లు ఇచ్చేవాళ్ళు, మిగతా రోజులన్నీ దూదే గతి. ఒక్క లాభం మాత్రం ఉంది. పెదాలు చూసి మాట పట్టడంలో ఆ షెడ్డులో నన్ను మించినోడు లేడు.

ఆ విద్యే నా కొంప ముంచింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే చక్కగా జవాబు చెప్తా కదా, ఇక చెవుడని ఎవరు నమ్ముతారు?

నిజానికి నాకు శబ్దం వినపడుద్ది, మాటే విడిగా తెలీదు. మా ఇంటామె వంటింట్లోంచి పప్పు అంటే కప్పు అందిస్తా. లోపలి చెవిలో కాక్లియా అని నత్తగుల్ల ఆకారంలో చిన్న గొట్టం, దాంట్లో 15 వేల దాకా వెంట్రుక కణాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి మోత పడితే ముందు పోయేవి 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి కూతల్లాంటి శబ్దాన్ని పట్టే కణాలు. హెర్ట్జ్ పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుద్ది. కోళ్ళకైతే పోయినవి మళ్ళీ మొలుస్తాయట, మనుషులకి ఆ భాగ్యం లేదు. ఆ, ఊ లాంటి అచ్చుల బలం కింది హెర్ట్జ్‌లలో ఉంటుంది కాబట్టి మాట వచ్చిన సంగతి తెలుస్తుంది. క, త, ప, స లను విడదీసి చెప్పే పదును మాత్రం పైన ఉంటుంది. నాకు పోయింది ఆ పైదే.

సచివాలయంలో స్లాట్ బుకింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఆధార్ ఇచ్చా, తేదీ వచ్చింది.

ఇక క్యాంపు సంగతి. ఏ ఊళ్ళోనో, ఏ ఆసుపత్రో చెప్పను. చెవిటోళ్ళని వరండాలో కూర్చోబెట్టి లోపల్నించి పేర్లు పిలుస్తున్నారు! బోర్డూ లేదు, నంబరూ లేదు. నా పేరు ఎప్పుడు పిలిచారో ఏమో, నా తర్వాత వచ్చినోళ్ళంతా పోతున్నారని లేచి అడిగితే, "పిలిస్తే పలకవేంది?" అని గుమస్తా కసురుకున్నాడు. పలికేవాణ్ణయితే అక్కడికి ఎందుకు పోతానయ్యా?

లోపల పరీక్ష గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చారు, కూత వినపడితే నొక్కమన్నారు. చెప్పుకోడానికి తేలికే. కానీ నా చెవుల్లో రాత్రింబవళ్ళు కీచురాయి కూత ఉంటుంది. మిషన్ల దగ్గర పనిచేసిన చాలామందికి ఉండేదే. గదిలో పెట్టే సన్నకూతా నా కూతా అచ్చం ఒకటే. అది వాళ్ళదో నాదో తేలక, వచ్చిందనుకున్నప్పుడల్లా నొక్కా. టెక్నీషియన్ కుర్రాడు తలుపు తీసి, "శబ్దం పెట్టకుండానే నొక్కుతున్నావ్. నాటకాలా?" అన్నాడు. నా కొడుకు వయసు వాడికి. చెవిలో హోరుందని చెప్తే పక్కనున్న ఆమెని చూసి నవ్వాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి భయమేసి, గట్టిగా వినపడితేనే నొక్కా. రెండు లెక్కలకీ పొంతన లేదు. డాక్టరు కాగితం చూసి, మాస్కు మూతికి ఉండగానే ఏదో అడిగాడు. నేను "ఆఁ?" అన్నా. అక్కడే మెల్లగా "పింఛను కోసం..." అన్న ముక్క మాత్రం మాస్కు జారినప్పుడు పెదాల మీద చదివా. ముప్ఫై మంది ముందు దొంగలా నిలబెట్టినట్టు అయింది. బెరా టెస్టు (చెవి నరం స్పందనని కంప్యూటర్‌తో చూసే పరీక్ష) చేయించుకుని రమ్మని రాసిచ్చి పంపించారు.

ఈఎస్ఐ (కార్మికుల బీమా) చట్టం మూడో షెడ్యూల్లో మోత వల్ల వచ్చే చెవుడుని వృత్తి వ్యాధిగా రాసిపెట్టారు. కాంట్రాక్టు కూలీకి ఈఎస్ఐ కార్డే లేకుండా చేస్తే ఇక ఆ షెడ్యూలు ఎవరికి? ఆ కట్టర్ల ఓనర్లని ఒక్కరోజు మఫ్‌లు లేకుండా నిలబెట్టాలి.

బెరాకి నెల్లూరు పోయా. నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించి పడుకోబెట్టారు. టిక్ టిక్ శబ్దాలు పోతుంటే మెదడు కాండం దాకా నరం ఎట్టా స్పందిస్తోందో కంప్యూటర్లో అలలుగా వస్తుంది. మనం బటన్ నొక్కక్కర్లేదు కాబట్టి నటించడమనే మాటే రాదు. అక్కడి ఆడియాలజిస్టమ్మ (వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు) బటన్ పరీక్ష కూడా మళ్ళీ చేసింది. నా హోరు సంగతి విని, సాగదీసిన కూత బదులు కూ-కూ-కూ అని తెగి తెగి వచ్చేది పెట్టింది. నా చెవిలో కూత తెగదు కదా, తేడా ఇట్టే తెలిసిపోయింది. ఇంత చిన్న మార్పు ఆ కుర్రాడికి తెలియకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి?

నాకు వినపడాలంటే శబ్దం ఎంత గట్టిగా ఉండాలో చెప్పే లెక్కలు (ఎక్కువుంటే చెవుడు ఎక్కువని) రెండు చెవులకీ ఇంచుమించు ఒకటే: 500 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్, 1000 దగ్గర 45, 2000 దగ్గర 65, 4000 దగ్గర 85. సగటు 57.5. 2016 వికలాంగుల చట్టం ప్రకారం రెండు చెవుల్లో కనీసం 60 ఉండాలి. కింది హెర్ట్జ్‌లలో బాగా వినపడడమే నన్ను ముంచింది. సర్టిఫికెట్ రాదని నేనే లెక్కేసుకున్నా, వాళ్ళూ అదే చెప్పారు. అయినా ఆ లెక్కలున్న కాగితం, ఆడియోగ్రామ్ అంటారు, తీసుకెళ్ళి క్యాంపు గుమస్తా బల్ల మీద పెట్టి వచ్చా. నాటకం కాదని చూడాలిగా.

చెవి మిషన్ మాత్రం కొనుక్కున్నా. ధర రాయను, మా ఇంటామె చదువుద్ది. పెట్టిన మొదటి రోజుల్లో కుక్కర్ ఈల, చెప్పుల చప్పుడు, పేపరు తిప్పడం అన్నీ చెంప మీద కొట్టినట్టే. మెదడు ఆ శబ్దాలు మర్చిపోయిందంట, వారాలు పడుతుంది, తీసి పక్కన పెట్టొద్దని ఆడియాలజిస్టమ్మ ముందే చెప్పింది. ఇప్పుడు పప్పు పప్పుగానే వినపడుతోంది, బజార్లో మాత్రం ఇంకా కష్టమే.

మీరు పోతే తోడు మనిషిని తీసుకుపోండి, పేరు పిలిస్తే పలకడానికి. చెవిలో హోరుంటే కాగితం మీద రాసి ముందే చూపించండి, తెగి తెగి వచ్చే కూత పెట్టమని అడగండి. ఆడియోగ్రామ్ జిరాక్స్ తీసుకోకుండా బయటికి రావద్దు. అంగళ్ళలో దొరికే సౌండు పెంచే డబ్బాలు కొనొద్దు, అవి అన్నిటినీ ఒకేలా పెంచుతాయి. మిషన్ బ్యాటరీ స్టిక్కర్ పీకాక నాలుగైదు నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు పెట్టండి, అది గాలితో పనిచేసే జింకు బ్యాటరీ. స్టిక్కరు మళ్ళీ అంటించి దాచుకుందామంటే కుదరదు.