కీర్తన పాడి వెళ్లిరి

మా తిరుపతిలో, బల్ల ఆరాధన (యేసు శిష్యులతో చేసిన కడరాత్రి భోజనాన్ని జ్ఞాపకం చేసుకునే ఆరాధన) ఉన్న ఆదివారం ఏ సంఘానికైనా వెళ్లి చూడండి. రొట్టె, ద్రాక్షారసం తీసుకుని లేచినవాళ్లలో చాలామంది మళ్లీ తమ చోట కూర్చోరు. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లి, చెప్పుల గుట్టలో తమ జత వెతుక్కుంటారు. లోపల చివరి కీర్తన పల్లవి ఎత్తుకునేసరికి బయట బండ్లు కదులుతుంటాయి. ఎండ, ఇంటికి రాబోయే చుట్టాలు, పిల్లల ట్యూషన్, కారణాలన్నీ నాకు తెలుసు. అయినా కోపం ఆగదు. మొట్టమొదటి బల్ల ఆరాధన ఎలా ముగిసిందో సువార్తలోనే ఉంది కదా: "అంతట వారు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లిరి" (మత్తయి 26:30).

ఈ వచనం మీద ప్రసంగం అరుదు. రొట్టె గురించి వింటాం, గిన్నె గురించి వింటాం, ఆయన పట్టుబడిన గెత్సేమనే తోట గురించి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఏటా వింటాం. మధ్యలో ఉన్న పాటను మాత్రం దాటేస్తాం.

ఏ కీర్తన పాడారో మత్తయి రాయలేదు. ఆ భోజనం పస్కా పండుగది, ఐగుప్తు దాసత్వం నుంచి విడుదలను యూదులు తలచుకునే పండుగ. ఆ రాత్రి వాళ్లు పాడేది హల్లేల్, అంటే 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలు. భోజనానికి ముందు కొన్ని, భోజనం అయ్యాక మిగిలినవి పాడడం వాళ్ల ఆచారం. యేసు, శిష్యులు భోజనం చేసిన మేడగదిలో చివరగా పాడినవి అవేనని వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది అంటారు. ఇప్పుడు ఆ కీర్తనలు తెరిచి, ఆయన నోట వింటున్నట్టు చదవండి.

"రక్షణపాత్రను చేత పుచ్చుకొని యెహోవా నామమున ప్రార్థన చేసెదను" (116:13). అప్పుడే గిన్నె పట్టుకుని, కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, అందరికీ ఇచ్చిన చేతులవి. కాసేపటికి కెద్రోను వాగు దాటి, ఆ తోటలో సాగిలపడి, "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని అడగబోతున్నాడు. ముందు పాట, తరువాత కన్నీరు. మనమైతే గండం గడిచాక సాక్ష్యం చెప్పి పాడతాం. ఆయన గండంలోకి అడుగుపెట్టబోతూ పాడాడు.

ఇంకా ముందుకు వెళ్లండి. "ఉత్సవ బలిపశువును త్రాళ్లతో బలిపీఠపు కొమ్ములకు కట్టుడి" (118:27). శిష్యుడైన పేతురు ఆ మాట చిన్నప్పటి నుంచి పాడుతున్నవాడే, ఆ రాత్రీ పాడి ఉంటాడు, దేవాలయంలోని ఏ గొఱ్ఱెపిల్లనో తలచుకుని. పక్కనే ఉన్న ప్రభువుకు ఆ గొఱ్ఱెపిల్ల ఎవరో తెలుసు. తెల్లవారకముందే ఆయన్ను పట్టుకుని బంధించారని యోహాను రాశాడు. తనను కట్టబోయే తాళ్ల గురించి తానే గొంతెత్తి పాడడం ఎలాంటిదో నా ఊహకు అందదు.

అదే కీర్తనలో, అంతకు కాస్త పైన, "ఇది యెహోవా ఏర్పాటు చేసిన దినము" ఉంది. మనం దాన్ని పుట్టినరోజు కేకు పక్కన, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటాం. పెట్టుకోండి, తప్పులేదు. కానీ ఆయన "దీనియందు మనము ఉత్సహించి సంతోషించెదము" అన్నది ఏ దినం గురించో ఒకసారి ఆలోచించండి.

ఆ గదిలో పాట దాకా ఆగనివాడు ఒకడున్నాడు, ప్రభువును అప్పగించిన యూదా. ముక్క పుచ్చుకుని వెంటనే బయటికి వెళ్లాడని యోహాను 13:30లో ఉంది. ఎవరినీ అతనితో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఆ వచనం చదివాక మాత్రం నేను ఆశీర్వాదం కాకుండా గుమ్మం దాటలేకపోతున్నాను.

మా అమ్మకు వేలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ జరగాల్సిన ముందు రాత్రి, నేను ప్రార్థన చేయబోతే చేయి పట్టుకుని ఆపింది. "ముందు పాడు, తరువాత ప్రార్థన" అంది. అమ్మకు శ్రుతి ఎప్పుడూ కుదరదు. నా గొంతు పల్లవి దగ్గరే పూడిపోతే తనే చరణం అందుకుంది. పక్క మంచంమీది తమిళ ఆవిడకు ఆ వరుస తెలుసు కాబోలు, కళ్లు మూసుకుని తమిళంలో కలిపింది. మందు సీసాలున్న ట్రేతో వచ్చిన నర్సు చరణం అయ్యేదాకా కాళ్ల దగ్గర నిలబడింది. మత్తయి 26:30ని నేను అర్థం చేసుకున్నది ఆ వార్డులోనే. ఏ ప్రసంగమూ నాకు అంత చెప్పలేదు.

జనం వెళ్లిపోవడంలో తప్పంతా జనానిది కాదు. చివరి కీర్తనను కీబోర్డుకు, ట్రాకుకు, నలుగురు గాయకులకు అప్పగించాం. మైకుల హోరులో తన గొంతు తనకే వినబడనివాడు ఇక తనతో పని లేదనుకుంటాడు. మేడగదిలో గాయకబృందం లేదు. చేపలు పట్టేవాళ్లు, ఒక సుంకరి, అందరూ పాడారు. రాగిరేకుల మీద సంకీర్తనలు చెక్కించి దాచుకున్న కొండ కింద బతుకుతున్నాం, పదిమంది కలిసి పాడే పల్లవి బలం మనకు ఒకరు చెప్పాలా? తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు మనకు ఇచ్చినవీ అలా పాడుకునే కీర్తనలే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చూడడానికి కాదు, పాడడానికి. "సమాజముమధ్య నీ కీర్తిని గానము చేతును" (హెబ్రీ 2:12) అన్నది ప్రభువు మాటగానే హెబ్రీయులకు రాసిన పత్రికలో ఉంది. సమాజం ఎండకు భయపడి బయటికి వెళ్లిపోతే ఆయన ఎవరి మధ్య పాడాలి?

కాబట్టి సంఘాలు నడిపే పాస్టరు అయ్యగార్లకు నా మనవి. బల్ల ఆరాధన రోజు చివరి కీర్తనకు మైకులు ఆపించండి. అందరికీ వచ్చిన కీర్తనే ఇవ్వండి. మిగతావాళ్లారా, శనివారం రాత్రి 116, 118 ఇంట్లో పైకి చదవండి. పిల్లలను మీ పక్కన నిలబెట్టుకుని, గొంతు ఎలా ఉన్నా పాడండి. మొదటి చరణం, చివరి చరణం పాడి ముగించే అలవాటు మానేసి, మధ్య చరణాలు కూడా పాడండి.