ఇత్తడి రోకలి విశిష్టోష్ణం: రెండు తప్పులు కలిసి ఇచ్చిన సరైన జవాబు

గ్రాము పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఉష్ణమే దాని విశిష్టోష్ణం. వేడి వస్తువును చల్లని నీటిలో వేసి, నీరు ఎంత వేడెక్కిందో చూసి దాన్ని కనుక్కునేదే మిశ్రమాల పద్ధతి. పదో తరగతి పిల్లలకు దీన్ని చెప్పడానికి సీసపు గుళ్ళు కావాలి. శ్రీకాకుళం జిల్లాలో నేను పనిచేసే పాఠశాలలో అవి లేకపోవడంతో, ఇత్తడి సామాన్లకు పేరున్న బుడితి ఊళ్ళో అమ్మ ఎప్పుడో కొన్న చిన్న ఇత్తడి రోకలితో ముందుగా ఇంట్లోనే ప్రయోగం చేసి చూద్దామనుకున్నాను. "అల్లం దంచేదాన్ని ఉడకబెడతావేటిరా" అని అమ్మ విసుక్కుంది గానీ, ఇవ్వననలేదు.

కిరాణా కొట్టు కాటా మీద రోకలి సరిగ్గా 400 గ్రాములు తూగింది. 240 గ్రాముల స్టీలు గిన్నెలో 400 గ్రాముల నీళ్ళు పోశాను. డిజిటల్ థర్మామీటరు 28.0 డిగ్రీలు చూపింది. రోకలికి నూలుతాడు కట్టి, మరుగుతున్న నీళ్ళలో పదిహేను నిమిషాలు ఉంచి, చటుక్కున తీసి గిన్నెలోకి దించి కలియబెట్టగా, ఉష్ణోగ్రత 34.0 దగ్గర నిలిచింది. నీళ్ళు గ్రహించిన ఉష్ణం 400 × 4.18 × 6, అంటే 10,032 జౌళ్ళు. దానిని రోకలి ద్రవ్యరాశితోనూ, అది కోల్పోయిన 66 డిగ్రీలతోనూ భాగిస్తే గ్రాముకు, డిగ్రీకి 0.38 జౌళ్ళు వచ్చింది. పుస్తకాల్లో ఇత్తడికి ఇచ్చే విలువ కూడా అదే. రాగి, జింకుల విశిష్టోష్ణాలు దాదాపు సమానం కనుక ఇత్తడిలో ఏది ఎంత పాలు కలిసినా ఈ విలువ పెద్దగా మారదు. మొదటి ప్రయత్నానికే ఇంత చక్కగా కుదిరినందుకు పొంగిపోయాను.

రాత్రి లెక్కను శుభ్రంగా రాస్తున్నప్పుడు గిన్నెను వదిలేశానని గమనించాను. నీళ్ళతోపాటు గిన్నె కూడా ఆరు డిగ్రీలు వేడెక్కింది కదా! స్టీలుకు సుమారు 0.50 చొప్పున అది 720 జౌళ్ళు తీసుకుని ఉండాలి. జలతుల్యాంకంగా చెప్పాలంటే గిన్నె 29 గ్రాముల నీటితో సమానం. దాన్ని కలిపితే జవాబు మెరుగుపడాలి, కానీ 0.41కి చెడిపోయింది. తప్పు దిద్దితే జవాబు తప్పుతోందంటే, దానికి ఎదురుగా మరో తప్పు ఎక్కడో దాగి ఉండాలి. అదనంగా కనిపిస్తున్న ఆ 720 జౌళ్ళను ఇత్తడి కాకుండా మరొకటేదో గిన్నెలోకి తెచ్చింది.

రెండు రోజులు ఆలోచించాక అనుమానం నూలుతాడు మీదికి పోయింది. రోకలిని తాడుతో సహా మళ్ళీ వేడినీళ్ళలో ముంచి తీసి కాటా మీద పెడితే, పొడిగా ఉన్నప్పటికన్నా రెండు గ్రాములు, ఒక్కోసారి మూడు గ్రాములు ఎక్కువ చూపింది. నూరు డిగ్రీల నీరు 34కి చల్లారేటప్పుడు ఒక్కో గ్రాము 276 జౌళ్ళు వదులుతుంది కనుక, సుమారు 2.6 గ్రాముల తడి చాలు, గిన్నె మింగిన 720 జౌళ్ళను పూడ్చడానికి. నీటి విశిష్టోష్ణం ఇత్తడికి పదకొండు రెట్లు కాబట్టి, ఆ కాస్త తడే దాదాపు ముప్పై గ్రాముల ఇత్తడి పని చేసింది.

ఈసారి నూలు మానేసి చేపల గాలానికి వాడే నైలాన్ దారం కట్టాను. రోకలిని మూత ఉన్న పొడి స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మరుగునీటిలో ఉంచి, అరగంట ఆగాను. లోపలి ఉష్ణోగ్రత 97 దగ్గర ఆగిపోయింది. నూరనుకోకుండా దానినే లెక్కలోకి తీసుకున్నాను. 28.0 డిగ్రీల నీరు 33.3కి చేరింది. గిన్నెతో కలిపి లెక్కిస్తే 0.373. కాస్త తగ్గింది, గది 30 డిగ్రీలే ఉండడంతో చివర్లో కొంత వేడి గాలిలోకి పోయి ఉంటుంది. దీనికి రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త పేరుతో చెప్పే ఉపాయం ఉంది: ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో అందులో సగం మేర నీటిని గదికన్నా చల్లగా ఉంచి మొదలుపెడితే, మొదట గది నుంచి వచ్చిన వేడికీ చివర గదిలోకి పోయిన వేడికీ దాదాపు చెల్లుతుంది. కుండ నీళ్ళు కలిపి 27.3 దగ్గర ప్రారంభించగా, 32.7 దగ్గర స్థిరపడింది. విలువ 0.376.

తర్వాత తరగతిలో ఒక జట్టుకు 0.42 వచ్చింది. వాళ్ళు నన్ను అడగకుండానే రోకలిని తడిమి చూశారు. డబ్బాకు మూత సరిగ్గా పెట్టకపోవడంతో ఆవిరి లోపలికి చేరి, ఇత్తడి మీద చెమ్మ పట్టి ఉంది.