ఏడో కట్‌లోనూ టెన్షన్ రాలేదు

నేను తీస్తున్న సినిమాలో ఒక సీన్‌కి నిన్న రాత్రి ఏడో కట్, అంటే ఏడోసారి ఎడిట్ చేసిన రూపం, చూపించాను. మళ్లీ అదే. ఐదుగురు చూశారు, ఐదుగురికీ కథ అర్థమైంది, ఒక్కరికీ టెన్షన్ రాలేదు. రెండు వారాలుగా ఈ ఒక్క సీన్ పట్టుకునే కూర్చున్నాను, చాలా చిరాగ్గా ఉంది.

సీన్ చిన్నదే. అన్న సంతకాన్ని తమ్ముడే దొంగగా పెట్టేసిన కాగితం ఒకటి ఉంది. దాన్ని తమ్ముడు, అడుగుల చప్పుడు విని కంగారులో చేతికందిన డైరీలో దూర్చేస్తాడు. అది అన్న డైరీ. అన్న వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని, తెరవకుండా, వేరే ఏదో మాట్లాడుతుంటాడు. మొత్తం 2 నిమిషాల 40 సెకన్లు. దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన టేబుల్ కింద బాంబు ఉదాహరణ చదివాక రాసుకున్నాను: బాంబు సంగతి దాచితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఆశ్చర్యం, ముందే చెబితే 15 నిమిషాల ఉత్కంఠ.

మొదట కాగితం ఇన్సర్ట్, అంటే దాన్ని దగ్గరగా చూపే షాట్, 18 ఫ్రేములే పెట్టాను, అంటే ముప్పావు సెకను. నలుగురు అసలు గమనించలేదు. 48 ఫ్రేములు చేస్తే అందరూ చూశారు గానీ, అదేం కాగితమో ఎవరికీ తెలియలేదు. 84 చేస్తే సంతకం స్పష్టంగా కనిపించింది, సీన్ మాత్రం అక్కడ ఆగిపోయినట్టయింది. తర్వాత, ఫిల్మ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ చెప్పే కళ్ల కదలిక (షాట్ మారేటప్పుడు చూసేవాళ్ల కన్ను ఎక్కడుందన్నది) దగ్గర తేడా వస్తోందేమో అని అనుమానం వచ్చింది. ముందు షాట్‌లో తమ్ముడి ముఖం ఫ్రేములో కుడివైపు ఉంది, కాగితమేమో ఎడమవైపు కింద మూల. చూసేవాళ్ల కన్ను అక్కడికి చేరేలోపే షాట్ అయిపోతోంది. ఇన్సర్ట్‌ని 130 శాతం జూమ్ చేసి కాగితాన్ని కుడికి జరిపాను. 60 ఫ్రేములకే అందరికీ అందింది, ఆ సమస్య తీరింది. టెన్షన్ మాత్రం లేదు.

ఇన్సర్ట్‌కీ, అన్న డైరీ పట్టుకోవడానికీ మధ్య 51 సెకన్లు ఉన్నాయి, ఈలోగా మర్చిపోతున్నారేమో అని దాన్ని 22కి కుదించాను. ఏడో కట్ అదే.

నిన్న చూసినవాళ్లలో ఒకరు మామూలుగా అడిగారు: "చూస్తే ఏమవుతుంది? అన్న తిడతాడు, అంతేగా?" రాత్రంతా ఆ మాటే తిరుగుతోంది. బాంబు పేలితే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాగితం బయటపడితే ఏం పోతుందో నేను ఎక్కడా చెప్పలేదు. మర్చ్ కట్‌కి పెట్టుకున్న ఆరు ప్రమాణాల్లో కళ్ల కదలికకి ఇచ్చింది 7 శాతమే, భావోద్వేగానికి 51. రెండు వారాలూ నేను ఆ 7 శాతం దగ్గరే ఉండిపోయాను. తప్పు ఎడిటింగ్‌లో కాదు, రాసిన స్క్రిప్టులోనే ఉందని ఇప్పుడు నా అనుమానం.

మిగతావి బాగానే ఉన్నాయి. సౌండ్ కుదిరింది, డైరీ అట్ట మీద అన్న వేలితో తట్టే చప్పుడు బాగా వచ్చింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ పనికి ధారాళంగా సరిపోతుంది, ఫ్రేము లెక్కల కోసం ఇంకేదీ కొనక్కర్లేదు. ఎన్నో పేజీలో మలుపు రావాలో చెప్పే బీట్ షీట్లు మాత్రం ఒక్క సీన్ స్థాయిలో నాకు ఏమాత్రం ఉపయోగపడలేదు. కార్డు మీద "ఈ క్షణంలో ఎవరికి ఏం తెలుసు" అని మూడు గడులు గీసుకోవడమే మేలు: తమ్ముడు, అన్న, ప్రేక్షకుడు. ఇక నుంచి నాలుగో గడి కూడా గీస్తాను, బయటపడితే ఏం పోతుంది అని.

ఈ ఆదివారం 20 సెకన్లు కొత్తగా తీయాలి. అన్న ఫోన్‌లో ఎవరితోనో "నా సంతకం లేకుండా ఆ ఇల్లు ఎలా అమ్ముతారు, నేను బతికుండగా పెట్టను" అంటాడు, తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి వింటాడు. ఇన్సర్ట్ కూడా మళ్లీ తీయాలి, సంతకం పక్కనే "ఇల్లు" అన్న మాట కనిపించేలా. పాత షాట్లతో తేడా రాకుండా, అన్న వేసుకున్న నీలం చొక్కా ఉతక్కుండా పక్కన పెట్టమని ఇప్పుడే చెప్పాను. ఎనిమిదో కట్‌ని ఇంతవరకూ సీన్ చూడని ఐదుగురికి చూపించాలి, ఇప్పటికి ఇద్దరే దొరికారు.