ఎయిర్ ఫ్రయర్‌లో గుడ్డు కుదరడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది

ఇప్పుడే తిని, గిన్నెలు సింకులో వేసి వచ్చి కూర్చున్నాను. నాన్న రెండో గుడ్డు కూడా అడిగి వేయించుకున్నారు. ఆ సంతోషం తాజాగా ఉండగానే రాసేస్తున్నాను. మళ్లీ రేపు డ్యూటీలో పడితే సగం మర్చిపోతాను.

మాది విజయవాడ. మా ఆవిడ నర్సు. శనివారం రాత్రి డ్యూటీ పడితే ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి గానీ ఇల్లు చేరదు. అందుకే ఆదివారం వంట నాది. టిఫిను, భోజనం రెండూ కలిపి పదకొండింటికి ఒకేసారి తినేస్తాం. దీపావళికి కొన్న ఎయిర్ ఫ్రయర్ కార్తీకమాసం అంతా బంగాళదుంపలకీ, వంకాయలకీ పనికొచ్చింది. మా ఇంట్లో కార్తీకంలో గుడ్డు కూడా ముట్టం. మాసం వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం తెనాలి నుంచి అక్కని, బావగారిని పిలిచాను. టమాటా మసాలా మీద గుడ్డు కొట్టి ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టి, ఎవరి కప్పు వాళ్లకి ఇవ్వాలని నా ఆలోచన. వీడియోల్లో ఎనిమిది నిమిషాల పని.

కరెంటు సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. ఇది 1,500 వాట్లది, పెద్ద పిన్నుల ప్లగ్గు. వంటింట్లో 16 ఆంపియర్ల పాయింటు లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టొద్దు.

కప్పుల సంగతి మాత్రం కాస్త చెప్పాలి, ఆ షాపతని మీద కోపం నాకింకా చల్లారలేదు. స్టీలు గిన్నె పెట్టొచ్చా అని అడిగితే, "స్టీలు వద్దు సార్, ఎయిర్ ఫ్రయర్ పాడైపోతుంది" అని చెప్పి ఆరు తెల్ల పింగాణీ కప్పులు అంటగట్టాడు. అది అబద్ధం. స్టీలు పెట్టకూడనిది మైక్రోవేవ్‌లో. ఇందులో ఉన్నది వేడిగాలి, అంతే. పైన తీగచుట్ట కాలుతుంది, ఫ్యాను ఆ వేడిగాలిని కిందికి తోస్తుంది. బుట్ట లోపలి భాగమే లోహం కదా! ఆ క్షణంలో ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. అమ్మేవాడికి తెలిసి చెప్పాడో తెలియక చెప్పాడో గానీ, నా మొదటి ఆదివారం అక్కడే సగం పాడైంది.

ఆ రోజు పదిన్నరకి అక్కావాళ్లు వచ్చారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా వేసి మసాలా ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాను. ఆ చల్లటి మసాలా ఆరు కప్పుల్లో సర్ది, ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు కొట్టి, కప్పులు ఒకదానికొకటి ఆనుకునేలా బుట్టలో ఇరికించాను. కూడా వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే 180 డిగ్రీలు, ఎనిమిది నిమిషాలు. గంట మోగింది. తీసి చూస్తే పైన ఎంత అందంగా ఉందో! తెల్లగా గట్టిపడి, అంచుల్లో ఎర్రటి చుక్కలతో, మధ్యలో పసుపు ఉబ్బి కనిపించింది. కొత్తిమీర చల్లి, ముందు నాన్నకి ఇచ్చాను.

నాన్న చెంచా దింపారు. పైన పాలమీగడలాంటి పొర ముడతపడి చెంచాకి అంటుకుని మొత్తం లేచి వచ్చింది. దాని కింద తెల్లసొన తెల్లబడనే లేదు. జిగురుగా, నీళ్లలా, టమాటా ఎరుపు కలిసి కప్పు అంచు మీదుగా కారి పళ్లెంలో పడింది. నాన్నకి 74 ఏళ్లు. ఆయన ఏమీ అనలేదు. చెంచా పక్కన పెట్టి, పంచె అంచుతో వేళ్లు తుడుచుకున్నారు. బావగారు తన కప్పు మెల్లగా ముందుకి జరిపి, "పర్లేదోయ్, మాకంత ఆకలిగా లేదులే" అన్నారు. ఆకలి లేకపోవడం ఏమిటి, పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలి వచ్చిన మనిషికి?

అక్క లేచి ఆరు కప్పులూ ట్రేలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి వెలిగించి, మూకుడు పెట్టి, అన్నీ అందులో ఒంపేసి అట్లకాడతో కలిపేసింది. మూడు నిమిషాల్లో పొరటు తయారు. "తమ్ముడూ, గుడ్డుకి ఇంత హంగామా ఎందుకురా, రా తిను" అంది. ప్రేమగానే అంది. కానీ ఆ పొరటు నా గొంతు దిగలేదు.

నేను పాల డెయిరీలో పనిచేస్తాను, నాణ్యత చూసే విభాగంలో. పాలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉన్నాయా లేదా అన్నది చూడటమే నా ఉద్యోగం. ఊరందరి పిల్లలు తాగే పాలకి ఆ లెక్క చూసేవాణ్ని, నా ఇంట్లో నా తండ్రికి పచ్చి గుడ్డు పెట్టాను. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంటుంది. వయసు మళ్లినవాళ్లకి ఆ జబ్బు ఒక్కోసారి మామూలు విరేచనాలతో పోదు. ఆ రాత్రి నాన్న దగ్గితే కూడా లేచి చూశాను.

సోమవారం కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. నేను చెప్పింది పూర్తిగా వినకుండానే "ఇంకో ఐదు నిమిషాలు పెట్టండి సార్" అన్నారు. గిన్నె దేనిదని అడగలేదు, ఎన్ని కప్పులు పెట్టానని అడగలేదు. సరే, ఐదు నిమిషాలు ఎక్కువ పెట్టి చూశాను. అడుగు ఉడికింది. కానీ పైన రబ్బరు అయిపోయింది. పచ్చసొన పిండిలా పొడిపొడిగా, చుట్టూ ఆకుపచ్చ వలయంతో తేలింది. గుడ్డు అతిగా ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి వచ్చే రంగు అది. తింటే ప్రమాదం లేదు, కానీ చూస్తే తినబుద్ధి కాదు.

మంగళవారం ఆహారంలో గుచ్చే థర్మామీటరు ఒకటి కొన్నాను. వంటింట్లో అది ఎందుకంటారేమో, నా మాట విని కొనుక్కోండి. ఆ రాత్రి ఒకే కప్పు పెట్టి ఎనిమిది నిమిషాలకి తీసి గుచ్చాను. పైన అంగుళంలో నాలుగో వంతు లోతున 86 డిగ్రీలు. అడుగున 49! ఒకే కప్పులో, రెండంగుళాల తేడాలో. తెల్లసొన గట్టిపడటం మొదలయ్యేది సుమారు 62 డిగ్రీల దగ్గర, పూర్తిగా బిగుసుకునేది 80 దగ్గర. పచ్చసొనకి 65 నుంచి 70 మధ్య. అంటే పైన పని అయిపోయింది, అడుగున మొదలే కాలేదు.

అప్పుడు బల్ల మీద కాగితం పెట్టి కూర్చున్నాను. మా ఆవిడ నిద్ర లేచి వచ్చి, "పన్నెండైంది, గుడ్డు కోసం ఇంత పట్టుదలా?" అంది. గుడ్డు కోసం కాదు, నాన్న చెంచా పక్కన పెట్టారే, అది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదని చెప్పాను. తను ఇంకేం అనలేదు, పక్కనే కూర్చుని టీ పెట్టి ఇచ్చింది.

ఆలోచిస్తే తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తెర మీద కనిపించే 180 గాలి వేడి, గుడ్డు వేడి కాదు. ఆ గాలి పై నుంచి దిగి, కప్పుల సందుల్లోంచి అడుగున చిల్లుల పళ్లెం దాకా పోయి తిరిగి పైకి రావాలి. ఆరు కప్పులు ఇరికిస్తే దానికి దారి ఏది? పింగాణీ మందంగా ఉంటుంది, అది వేడెక్కడానికే ఐదారు నిమిషాలు తింటుంది. దాని మీద ఫ్రిజ్ చలి మసాలా, ఫ్రిజ్ చలి గుడ్డు. పైగా మసాలా సరిగ్గా ఇగరలేదు, ఉప్పుకి టమాటా నీరు వదిలి అడుగున చేరింది. ఆ నీళ్లే నాన్న పళ్లెంలో కారింది.

రెండో ఆదివారం మేం ముగ్గురమే. స్టీలు గిన్నెలు వాడాను, మసాలా వేడిగా వేశాను. అడుగు బ్రహ్మాండంగా ఉడికింది, పైన పొర మాత్రం ఇంకా ఎండింది. గిన్నెల మీద అల్యూమినియం ఫాయిల్ ముక్క కప్పితే, అది ఫ్యాను గాలికి లేచి పైన తీగచుట్టకి తగిలింది. ప్లగ్గు పీకి, చల్లారేదాకా ఆగి తీయాల్సి వచ్చింది. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఫాయిల్ గానీ, అడుగున వేసే కాగితం గానీ వదులుగా పెట్టొద్దు. ఖాళీ బుట్టలో కాగితం వేసి వేడి చేయడం అసలే వద్దు.

ఈ రోజు అక్కావాళ్లని మళ్లీ పిలిచాను. "మూకుడు సిద్ధంగా పెట్టుకో" అంది అక్క ఫోన్లో. పెట్టలేదు.

ఎలా చేశానో చెబుతాను. మనం నెయ్యి, పచ్చడి వేసుకునే పల్చటి చిన్న స్టీలు గిన్నెలు నాలుగు తీసుకుని లోపల నూనె రాశాను. గుడ్లు గంట ముందే ఫ్రిజ్‌లోంచి బయట పెట్టాను. మసాలా పొయ్యి మీదే చేయాలి. ఎయిర్ ఫ్రయర్‌లో ఉల్లిపాయలు కూడా వేగిపోతాయని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు, ఫ్యాను గాలికి సన్న ముక్కలు ఎండి మాడిపోతాయి. కరివేపాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక గింజలు తీసిన టమాటా, పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి వేసి నూనె తేలేదాకా మగ్గించాను. అట్లకాడతో మధ్యలో గీత గీస్తే నీరు ఊరకూడదు, అదే గుర్తు. ఒక్కో గిన్నెలో రెండు చెంచాలు వేసి, మధ్యలో కాస్త గుంట చేసి, 160 డిగ్రీల్లో నాలుగు నిమిషాలు గిన్నెలు, మసాలా రెండూ వేడెక్కనిచ్చాను.

అప్పుడు గుడ్డు విడిగా ఓ కప్పులో కొట్టి చూసుకుని, గుంటలో మెల్లగా జార్చాను. వేడి మసాలా తగలగానే తెల్లసొన అడుగున సన్నగా చిటపటమని తెల్లబడింది. ఆ చప్పుడు వినగానే ఈసారి కుదిరిందని నాకు తెలిసిపోయింది. ఫాయిల్ గిన్నె అంచు కిందికి నాలుగు వైపులా గట్టిగా మడిచి, 150 డిగ్రీల్లో ఏడు నిమిషాలు పెట్టాను. ఫాయిల్ తీసి మిరియాల పొడి చల్లి ఇంకో రెండు నిమిషాలు. బయటికి తీశాక వెంటనే పెట్టకుండా రెండు నిమిషాలు ఆగాను, గిన్నె వేడికే లోపల ఇంకాస్త బిగుస్తుంది. నాన్న గిన్నెలో మాత్రం పచ్చసొన ముందే చెంచాతో చిదిపి మూడు నిమిషాలు ఎక్కువ ఉంచాను. థర్మామీటరు గుచ్చితే అడుగున 79 చూపించింది.

నాలుగు గిన్నెలే పెట్టాలి, మధ్యలో వేలు పట్టేంత సందు ఉండాలి. మనుషులు ఎక్కువైతే రెండో వాయి వేయండి, ఇరికించొద్దు. రెండో వాయికి బుట్ట వేడిగా ఉంటుంది కాబట్టి ఒక నిమిషం తగ్గించుకోవాలి. మీ ఎయిర్ ఫ్రయర్ చిన్నదైనా పెద్దదైనా మొదటిసారి ఒక్క గుడ్డే పెట్టి, చెంచా అడుగుదాకా దింపి చూసుకుని, ఆ తర్వాతే నలుగురికీ చేయండి. వీడియోల్లో అందరూ పైభాగమే చూపిస్తారు. అడుగు చూపించనివాళ్ల లెక్కలు నమ్మి ఇంటికి మనుషుల్ని పిలవకండి.

అక్క మినప దిబ్బరొట్టె చేసి తెచ్చింది. బావగారు అంచు తుంచి, పచ్చసొన మీద నొక్కి, మసాలాతో సహా తీసుకుని తిన్నారు. "ఏమోయ్, ఇది హోటల్లో పెడితే వంద రూపాయలు తీసుకుంటారు" అన్నారు. అక్క ఏమీ అనకుండా చెంచా నేరుగా అడుగుదాకా దింపి చూసింది, గిన్నె పక్కకి వంచి చూసింది. చుక్క కారలేదు. నా వైపు చూసి, "నాకో రెండు గిన్నెలు ఇవ్వరా, కొలత తెలుస్తుంది" అంది. తనకంటే గుడ్డు బాగా వండేవాళ్లు మా వంశంలో లేరు. ఆ మాట తన నోట రావడం నాకు ప్రమోషన్ వచ్చినంత.

ఒకటి మర్చిపోయాను. బుట్ట లోతుగా ఉంటుంది, గుడ్డతో పట్టుకుని గిన్నెలు తీయబోతే చేతి వెనకభాగం కాలుతుంది. పట్టకారు వాడండి. గిన్నెకి అంచు తిరిగి ఉంటే పట్టకారు జారదు, కొనేటప్పుడు అది చూసుకోండి.