పాలు ఏ కాలమ్‌లోకి వస్తాయి?

మా అమ్మాయి సైన్స్ హోంవర్క్‌లో రెండు కాలమ్‌లు ఇచ్చారు. ఒకటి సజాతీయ మిశ్రమాలకు (అంతటా ఒకేలా కలిసిపోయినవి), ఒకటి విజాతీయ మిశ్రమాలకు (అలా కలిసిపోకుండా వేర్వేరుగా ఉండేవి). ఉప్పునీళ్లు, ఇసుక కలిపిన నీళ్లు, ఇత్తడి, సోడా, పాలు ఎందులోకి వస్తాయో రాయాలి.

పరాయి దేశంలో పెరిగే పిల్లలకు తెలుగు అబ్బాలంటే కథలూ పద్యాలే దారి అంటారు చాలామంది. నన్నడిగితే సైన్స్ హోంవర్క్ అంతకన్నా మేలు. వస్తువు కళ్లెదుటే ఉంటుంది కాబట్టి కరగడం, అడుక్కి చేరడం, తేలడం, వడకట్టడం లాంటివి విడమరిచి చెప్పే పనే ఉండదు. బడిలో ఇంగ్లిష్‌లో విన్నదాని మీద ఇంట్లో తెలుగులో వాదన పెట్టుకుంటాం.

ఇసుక దగ్గర వాదనే లేదు, కాసేపాగితే అడుక్కి దిగిపోతుంది. ఇత్తడిలో రాగీ జింకూ ఎక్కడ చూసినా ఒకేలా కలిసి ఉంటాయి, అదీ తేలిపోయింది. పేచీ పాలతోనే.

"నాన్నా, మిల్క్ అంతా సేమ్‌గానే ఉంది కదా!"

కంటికి సేమే. రెండు గాజు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో ఉప్పునీళ్లు పోశాం, రెండోదాంట్లో మంచినీళ్లు పోసి రెండు చుక్కలు పాలు వేశాం. లైట్లార్పి పక్కనుంచి ఫోన్ టార్చ్ కొట్టాం. ఉప్పునీళ్లలో వెలుగు దారి కనబడలేదు. పాలచుక్కలున్న గ్లాసులో మాత్రం తెల్లటి చార గీసినట్టు పడింది. పక్కనుంచి చూస్తే లేత నీలం, టార్చ్‌కి ఎదురుగా చూస్తే కాస్త నారింజ రంగు. ఆ రంగు తేడా నేను చెప్పకముందే తనే పట్టేసింది.

కరిగిన ఉప్పు అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న చిన్న కణాలుగా విడిపోతుంది. అవి 1 నానోమీటరు కన్నా చిన్నవి, కంటికి ఆనేంతగా వెలుగును చెదరగొట్టలేవు. పాలలోని కొవ్వు బొట్లూ ప్రొటీన్ రేణువులూ వాటికన్నా చాలా పెద్దవి, అందుకే వెలుగును చెదరగొట్టి దాని దారి కనబడేలా చేస్తాయి. 19వ శతాబ్దపు శాస్త్రవేత్త జాన్ టిండాల్ పేరు మీద దీన్ని టిండాల్ ప్రభావం అంటారు. కొవ్వు బొట్లయితే మైక్రోస్కోప్ కింద విడివిడిగా కనిపిస్తాయి కూడా. కాబట్టి పాలు విజాతీయమే, కచ్చితంగా చెప్పాలంటే కొలాయిడ్, అంటే ఒకదాంట్లో ఇంకోదాని సన్నటి రేణువులు కరగకుండా పరుచుకుని ఉండే మిశ్రమం. (మనవాళ్లు కొత్త దేశంలో పాలూ నీళ్లలా కలిసిపోయారని ఎవరైనా అంటే ఇకమీదట నవ్వొస్తుంది.)

సోడాతో మళ్లీ చిక్కొచ్చింది. మూత బిగించి ఉన్నప్పుడు గ్యాస్ ద్రవంలో కరిగే ఉంటుంది, అప్పుడది సజాతీయం. మూత తీయగానే ఒత్తిడి తగ్గి బుడగలు పైకి లేస్తాయి, అప్పుడు అదే సీసాలో ద్రవం వేరు, గ్యాస్ వేరు. షీట్‌లో ఒక్క జవాబుకే చోటుంది. తను రెండు కాలమ్‌లలోనూ సోడా అని రాసి, ఒకదాని పక్కన మూత ఉన్న సీసా బొమ్మ, రెండోదాని పక్కన మూత లేని సీసా బొమ్మ వేసింది.