నాలుగు వందల తులాల వెండి

మా పర్లాకిమిడిలో చిన్నాన్న ఇంటిస్థలం బేరమాడినప్పుడు అమ్మే పెద్దాయన మొదటిరోజు "మనలో మనకి డబ్బేంటి బాబూ, ముందు పునాది తీసుకోండి" అన్నాడు. వారం తిరిగాక ఆయన రేటు విని పిన్ని టీ గ్లాసు కింద పెట్టేసింది.

బైబిల్లో ఆదికాండం 23వ అధ్యాయం చదివితే నాకు ఆయనే గుర్తొస్తాడు. సండే స్కూల్లో అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అంటే బలిపీఠం, నిచ్చెన, ఇవే చెప్పారు గానీ ఈ భూమి బేరం ఎవరూ చెప్పలేదు. 75వ ఏట హారాను వదిలొచ్చి, ఈ దేశం నీ సంతానానికే అని దేవుడి నోట మాట విన్న అబ్రాహాముకు, 62 ఏళ్లు గడిచి భార్య శారా 127వ ఏట హెబ్రోనులో కన్నుమూసేసరికి మందలున్నాయి, వెండి బంగారాలున్నాయి, ఆమెను పాతిపెట్టడానికి మాత్రం జానెడు నేల లేదు. ఆ ఊరివాళ్లైన హేతు కుమారులకు వంగి దండం పెట్టి మక్పేలా గుహ అడిగాడు. దాని సొంతదారు ఎఫ్రోను ఏమన్నాడు? గుహే కాదు, పొలం కూడా ఊరికే తీసుకో అన్నాడు. వద్దు, వెల కడతానంటే, నాలుగు వందల తులాల నేల, నీకూ నాకూ అదెంత అన్నాడు. అంకె బయటపెట్టేశాడు కదా! తర్వాతెప్పుడో దావీదు రాజు కళ్లమూ ఎద్దులూ కలిపి 50 తులాలకే కొన్నాడు మరి.

అబ్రాహాము ఒక్క తులం తగ్గించమనలేదు, ఊరి గవిని దగ్గర అందరూ చూస్తుండగా తూచి ఇచ్చేశాడు. నాకిది అమాయకత్వంలా ఉండేది. చిన్నాన్న మాత్రం "ఊరికే తీసుకుంటే వాళ్ల మనవలొచ్చి ఖాళీ చెయ్యమంటార్రా" అన్నాడు. ఆయన పట్టా ఒడియాలో ఉంది, చదవడం రాదు, పక్కింటాయనతో చదివించుకుని సరిహద్దులూ కొబ్బరిచెట్లూ బట్టీ పట్టాడు. అక్కడా అంతే, పొలం, గుహ, హద్దుల్లోని చెట్లు అన్నీ లెక్కలో ఉన్నాయి.

అబ్రాహాము మనవడు యాకోబు ఐగుప్తులో (ఈజిప్టులో) 147వ ఏట పోతూ కొడుకులకు ఆ కొనుగోలు వివరాలనే పత్రం చదివినట్టు అప్పజెప్పాడు: ఎఫ్రోను పొలం, మమ్రే ఎదుట, మా తాత కొన్నది, నన్నక్కడే పెట్టండి అని. పద్నాలుగేళ్లు ఎవరి కోసం చాకిరీ చేశాడో ఆ రాహేలు ఎఫ్రాతా దారి పక్కన ఉండిపోయింది. గుహలో ఆయన పక్కనున్నది, ఆయన కోరుకోని మొదటి భార్య, రాహేలు అక్క లేయా.